అమరిల్లిస్ రెండో ఏడాది ఎందుకు పూయలేదు? ట్యులిప్ దుంపలు మన దగ్గర మళ్ళీ పూస్తాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో డాబా మీద కుండీల తోట. ముందటేడాది ఆన్‌లైన్‌లో పది ట్యులిప్, నాలుగు అమరిల్లిస్, మూడు ఫుట్‌బాల్ లిల్లీ దుంపలు తెప్పించారు. ట్యులిప్‌లలో మూడే మొలిచాయి, ఒకటి పొట్టిగా పూసింది, తర్వాత అన్నీ కుళ్ళిపోయాయి. అమరిల్లిస్ మొదటి మార్చిలో నాలుగూ పూశాయి. వీడియోల్లో చెప్పినట్టు పూలయ్యాక ఆకులు కోసి, దుంపలు తవ్వి, రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ నాటారు. ఈ మార్చిలో ఒక్కటీ పూయలేదు, ఆకులు మాత్రం గుబురుగా ఉన్నాయి. ఫుట్‌బాల్ లిల్లీదీ అదే కథ. తప్పెక్కడ జరిగింది, వచ్చే ఏడైనా పూస్తాయా అని.

సూటిగా చెప్పాలంటే, అమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ తప్పకుండా పూస్తాయండీ. ఆకులు కోయొద్దు, దుంప తవ్వొద్దు, ఫ్రిజ్ జోలికి పోవద్దు. అమరిల్లిస్‌కైతే జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాగా తిండి పెట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో నీళ్ళు మానేసి, ఫిబ్రవరి మొదట్లో ఒక్కసారి బాగా తడపండి. ట్యులిప్ మాత్రం మన ఊళ్ళలో ఏటా పూసే మొక్క కాదు. కొంటే ఒక్కసారి చూసుకునే పువ్వు అనుకునే కొనాలి.

ఇప్పుడు కారణాలు. వీడియోలు అబద్ధం చెప్పలేదు, వేరే దేశపు చలిని దృష్టిలో పెట్టుకుని చెప్పాయి. అక్కడ చలికాలం మంచు, వేసవి చల్లన. మనకు చలికాలమంటే డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు 17–19 డిగ్రీలు. వేసవంటే రోళ్ళు పగిలే ఎండ. వాళ్ళ కేలండర్ మన డాబా మీద పరిస్తే దుంపకు దిక్కు తోచదు.

ముందు అమరిల్లిస్ లోపల ఏం జరుగుతుందో చూడండి, అప్పుడు మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. కుళ్ళి పారేయాల్సిన దుంప ఏదైనా దొరికితే ఉల్లిపాయను కోసినట్టు నిలువునా రెండు చెక్కలు చేయండి. పొర మీద పొర, తెల్లగా ఉల్లిపాయలాగే ఉంటుంది. జాగ్రత్తగా పొరలు విప్పుతూ పోతే నాలుగేసి పొరలకు ఒకచోట, రెండు పొరల మధ్య ఇరుక్కుని, చదునుగా నొక్కినట్టున్న చిన్న మొగ్గ కనిపిస్తుంది. నడి మధ్యకు దగ్గరగా ఉన్నది ఆవగింజంత ఉంటుంది, బయటికి వచ్చే కొద్దీ పెద్దది. కొన్నిచోట్ల మొగ్గ ఉండాల్సిన జాగాలో గోధుమరంగు కాగితం ముక్కలా ఎండిపోయిన పీలిక ఉంటుంది. మొదలై, తిండి చాలక, లోపలే చచ్చిపోయిన పువ్వు అది.

ఆ మొక్క లెక్క అంతే: నాలుగు ఆకులు వేస్తే ఒక మొగ్గ. ఆ మొగ్గ లోపల మొదలై బయటికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. అంటే ఈ మార్చిలో రావాల్సిన పువ్వు పోయిన ఏడాదే లోపల తయారవుతూ ఉంది. మీరు ఏప్రిల్లో ఆకులు కోసినప్పుడు దాని నోటి దగ్గర కూడు లాగేసినట్టయింది. మొదటి ఏడాది పూసిన నాలుగు పూలు మీ చలవ కాదు (ఏమీ అనుకోకండి), అమ్మినవాడి పొలంలో తిన్న తిండి. మీ చేతి పువ్వు ఇంకా రావాల్సి ఉంది.

ఆకులు కోయడానికి తోడు తవ్వడం ఇంకో దెబ్బ. ట్యులిప్ వేళ్ళు ఏటా చచ్చి ఏటా కొత్తవి పుడతాయి. అమరిల్లిస్ వేళ్ళు అలా కాదు, చిటికెన వేలంత కాకపోయినా పెన్సిల్ లావున, కండపట్టి, ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. తవ్వి ఆరబెడితే అవి వడలిపోతాయి. తిరిగి నాటాక దుంప తన ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చుపెట్టి మళ్ళీ వేళ్ళు వేసుకోవాలి. ఇక పువ్వుకేం మిగులుతుంది? పైగా ఫ్రిజ్‌లో 4–5 డిగ్రీల చలి దానికి అక్కర్లేదు, వారాల తరబడి ఉంచితే దుంప దెబ్బ తింటుంది కూడా. హాలెండ్ నుంచి వచ్చే అమరిల్లిస్ హైబ్రిడ్లను (సంకర రకాలను) 13 డిగ్రీల దగ్గర 8–10 వారాలు పొడిగా ఉంచుతారు. అది ఫ్రిజ్ చలి కాదు. మనకు అంత చల్లదనం దొరక్కపోయినా పొడిగా ఉంచితే చాలావరకు పని జరుగుతుంది.

ఒక మాట పేరు గురించి. మన నర్సరీల్లో అమరిల్లిస్ అని అమ్మేది శాస్త్రం ప్రకారం హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికాది. అసలు అమరిల్లిస్ బెల్లడోనా దక్షిణాఫ్రికా మొక్క, దాని పద్ధతి వేరు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి సలహాలు తారుమారవుతాయి, చూసుకోండి.

ఇక ఏడాది పొడుగునా ఏం చేయాలో.

పూలు వాడగానే ఎండిన పువ్వును, దాని వెనక ఉబ్బుతున్న పచ్చటి కాయతో సహా గిల్లేయండి. విత్తనం కట్టనిస్తే దుంప బలం అటు పోతుంది. పూలకాడను మాత్రం అప్పుడే కోయొద్దు. అది పచ్చగా ఉన్నంతకాలం ఆకులాగే పనిచేస్తుంది. పసుపు పచ్చగా మారి మెత్తబడ్డాక చేత్తో లాగితే వచ్చేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో మన పని దుంపను పెంచడం కాదు, కాపాడడం. కుండీకి ఉదయం నాలుగైదు గంటల ఎండ చాలు. మధ్యాహ్నం 12 తర్వాత 50 శాతం గ్రీన్ నెట్ నీడలోకి జరపండి. డాబా మీద నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే పడమటి ఎండకు ఒక పక్క వేళ్ళు ఉడికిపోతాయి. కుండీ తీసి చూస్తే ఒకవైపు వేళ్ళు గోధుమరంగులో పీచులా ఉంటాయి, రెండోవైపు తెల్లగా ఉంటాయి. మట్టి కుండీ వాడండి, లేదా ప్లాస్టిక్ కుండీలన్నిటినీ దగ్గరదగ్గరగా చేర్చి పడమటివైపు రెండు ఇటుకల వరస పేర్చండి. రోహిణి కార్తెలో ఉదయం ఒక్కపూటే, కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్ళు. మిట్టమధ్యాహ్నం గొట్టంలో నిలిచిన నీళ్ళు సలసల కాగుతుంటాయి, వాటిని తిన్నగా దుంప మీద పోసేవాళ్ళు బోలెడుమంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలు సేద్యం. వచ్చే ఏటి పువ్వు ఇక్కడే తయారవుతుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే కుండీ పైమట్టి ఒక అంగుళం లోతున గీకి తీసేసి, దాని స్థానంలో రెండు గుప్పెళ్ళ వర్మీ కంపోస్టు, 20 గ్రాముల వేపపిండి, 15 గ్రాముల ఎముకల పొడి కలిపి పరవండి. ఇది 8 అంగుళాల కుండీకి లెక్క. దుంప మెడ మీదికి ఎరువు రానివ్వకండి. ఆపైన పదిహేను రోజులకోసారి 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి కుండీకి పావు లీటరు పోయండి. ఆగస్టు సగం దాటాక దాన్ని ఆపి 0-0-50, అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అదే మోతాదులో ఇవ్వండి. పొటాష్ దుంపను గట్టిపరుస్తుంది. సెప్టెంబరు ఆఖరుతో ఎరువు బంద్.

యూరియా మాత్రం వేయొద్దు. మీరు ఆకులు గుబురుగా ఉన్నాయని రాశారు కదా, ఏం వేస్తున్నారో చెప్పలేదు. వంటింటి కంపోస్టు, పేడనీళ్ళు, యూరియా ఎక్కువైతే ఆకులు ముదురు ఆకుపచ్చగా, పొడుగ్గా, మధ్యలో విరిగిపడేలా పెరుగుతాయి. కింద దుంప మెత్తగా, నీరు పట్టి ఉంటుంది. పూయదు సరికదా, అక్టోబరు తుఫాను వానకు ముందు కుళ్ళేది అదే. నీడ ఎక్కువైనా ఆకు ఇలాగే సాగుతుంది. ఆకు పొట్టిగా, వెడల్పుగా, నిలబడి ఉంటే వెలుతురు సరిపోయినట్టు.

అక్టోబరు, నవంబరు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దుంపలకు గండం. చిత్త, స్వాతి వానలు, తుఫాన్లు. దుంప నిద్రకు సిద్ధమవుతుంటే మట్టి బురదగా ఉంటుంది. తుఫాను కబురు రాగానే కుండీలను గోడవారకు చేర్చి పక్కకు పడుకోబెట్టేయండి. నవ్వొచ్చే సలహాలా ఉంటుందిగానీ ఇంతకన్నా చౌకయిన మందు లేదు. నీళ్ళు కుండీలోకి దిగవు, రెండు మూడు రోజులకు మొక్కకు ఏమీ కాదు. వాన వెలిశాక లేపండి. నేలమీద పెంచేవాళ్ళకు ఈ వెసులుబాటు లేదు. గుంటూరు నల్లరేగడిలో అయితే 15–20 సెం.మీ. ఎత్తు మడి కట్టి, అందులో మూడో వంతు కృష్ణా ఇసుక కలిపితేగానీ దుంప నిలవదు. రేగడి తడిస్తే నీరు వదలదు, ఎండితే నెర్రెలిచ్చి వేళ్ళు తెంపుతుంది. రెండువిధాలా శత్రువే.

డిసెంబరు మొదటి వారం నుంచి నీళ్ళు తగ్గిస్తూ పదో తేదీకల్లా పూర్తిగా ఆపేయండి. ఆకులు పసుపు తిరిగి వాలిపోతే అలాగే వదిలేయండి, పూర్తిగా ఎండాక తీయొచ్చు. కొన్ని దుంపలకు రెండు మూడు ఆకులు పచ్చగానే ఉండిపోతాయి. మన దగ్గర ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉండే ఎర్ర నాటు రకం అసలు ఆకు రాల్చకపోవచ్చు. కంగారు పడి కోయకండి. ఎండబెట్టడం పువ్వును పుట్టించదు. లోపల తయారై ఉన్న పువ్వును ఒక్కసారిగా లేపుతుంది, అంతే. లోపల మొగ్గ లేని దుంపను ఎంత ఎండబెట్టినా ఆకులే వస్తాయి.

సంక్రాంతి దాటాక దుంప మెడ దగ్గర చూస్తుండండి. ఎనిమిది వారాల పొడి పూర్తయ్యాక, అంటే ఫిబ్రవరి మొదటి వారంలో, ఒకసారి కుండీ అడుగు నుంచి కారేలా పోయండి. తర్వాత కొన వచ్చేదాకా పైమట్టి ఆరితేనే కాసిని. ముందు వచ్చే కొన చదునుగా, చివర మొద్దుగా, చిలక ముక్కులా కాస్త పక్కనుంచి వస్తే పూలకాడ. మధ్యలోంచి సన్నగా, నాలుకలా వస్తే ఆకు. కాడ తలెత్తిన మూడు నాలుగు వారాలకు పువ్వు. ఉగాది అటూ ఇటూగా పూస్తుందన్నమాట.

నాటే లోతు, కుండీ సైజు కూడా చెప్పాలి. దుంపలో మూడో వంతు నుంచి సగం దాకా మట్టి పైకి కనిపించాలి. నిండా పూడిస్తే మెడలో నీరు నిలుస్తుంది. కుండీ దుంప చుట్టూ రెండేసి వేళ్ళ ఖాళీ ఉంటే చాలు, ఒక దుంపకు 7–8 అంగుళాలు. పెద్ద కుండీలో వేస్తే వేళ్ళు తాగని మట్టి రోజుల తరబడి తడిగా ఉండి కుళ్ళు మొదలవుతుంది. మట్టి మిశ్రమం నాలుగు పాళ్ళు ఎర్రమట్టి, మూడు పాళ్ళు దొడ్డు ఇసుక, రెండు పాళ్ళు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. కోకోపీట్ ఎక్కువ వేసి తేలిగ్గా ఉందని మురిసిపోకండి, వానాకాలంలో అది స్పంజి. మూడేళ్ళకోసారి ఫిబ్రవరికి ముందు కుండీ మార్చండి, అప్పుడు కూడా వేళ్ళు కోయకుండా. పక్కన పుట్టిన పిల్ల దుంపలు నిమ్మకాయంత అయ్యాకే విడదీయాలి. విడదీసినవి పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది.

బోరు నీళ్ళు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు. ఎండాకాలం చివరికి కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఉప్పు. ఆకుల కొనలు మాడడం దాని గుర్తు. వేసవిలో నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్ళు నెమ్మదిగా పోసి కడిగేయాలి. మున్సిపల్ నీళ్ళు ఒక బకెట్ పట్టి ఆ రోజుకు వాడుకోండి. జూన్ వానలు పడ్డాయంటే ఆ పని అవే చేస్తాయి.

పురుగులూ తెగుళ్ళూ. వీటిలో ఒకటి మాత్రం నిజంగా భయపెట్టేది: వానాకాలంలో వచ్చే లిల్లీ గొంగళి. నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలతో, గుంపుగా ఉంటుంది. ఆకు కొన దగ్గర లోపలి కండ తిని పైపొర పల్చగా, ఊదితే ఎగిరే కాగితంలా వదిలేస్తుంది. అప్పుడు పట్టుకుంటే సరి. పట్టించుకోకపోతే మూడో రోజుకు ఆకులన్నీ తినేసి దుంప మెడలోకి దిగుతుంది. పైన చెప్పిన ఆకు లెక్క గుర్తుందిగా, ఆగస్టులో ఆకులు పోతే రాబోయే పువ్వుకు తిండి పోయినట్టే. చీకటి పడ్డాక టార్చి వేసి చేత్తో ఏరేయడమే మొదటి మందు. మొక్కలు ఎక్కువుంటే బీటీ మందు (గొంగళి పురుగులను చంపే బ్యాక్టీరియాతో చేసింది) సాయంత్రం పూట పిచికారీ చేయొచ్చు, మోతాదు ప్యాకెట్ మీద ఉంటుంది. పిల్ల పురుగు మీదే అది బాగా పనిచేస్తుంది.

పిండినల్లి ఆకుల మొదట్లో, పొరల మధ్య దాక్కుంటుంది. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. ద్రవ సబ్బు బాగా కలిపి మెడలోకి దిగేలా వారానికోసారి మూడు వారాలు. ఎండలో కొట్టొద్దు, ఆకు మాడుతుంది.

ఎర్రమచ్చ తెగులు వస్తే ఆకు మీద, కాడ మీద కుంకుమ పూసినట్టు ఎర్రటి చారలు, కాడ ఆ పక్కకు వంగిపోతుంది. మచ్చ పడ్డ ఆకు తీసేసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టి, ఇక మీద నీళ్ళు మట్టికే పోయండి, ఆకు మీద కాదు. అయితే అమరిల్లిస్‌కు ఎక్కడ గీసుకున్నా, గోరు తగిలినా ఎర్రగానే అవుతుంది. ప్రతి ఎర్ర గీతా తెగులు కాదు. ఆకు మీద లేతపసుపు, ఆకుపచ్చ కలిసి చారలు చారలుగా ఉండి, కొత్త ఆకులూ అలాగే వస్తుంటే మాత్రం వైరస్. దానికి మందు లేదు. దుంపతో సహా తీసేయండి, కోసిన కత్తెర స్పిరిటుతో తుడవండి.

కుళ్ళు అనుమానం ఉంటే దుంపను బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే భయం లేదు. మెత్తగా దిగితే తీసి, అడుగున వేళ్ళు పుట్టే గట్టి బిళ్ళ చూడండి. బిళ్ళ బాగుంటే కుళ్ళిన పొరలన్నీ తెల్లటి కండ వచ్చేదాకా ఒలిచి, కార్బెండజిమ్ అనే బూజు మందు పొడి అద్ది, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, ఉత్త పొడి ఇసుకలో పెట్టండి. వేళ్ళు వచ్చాక మట్టిలోకి. బిళ్ళే కుళ్ళితే ఆశ వదులుకోండి.

ఫుట్‌బాల్ లిల్లీకి ఇంత హడావిడి లేదు. ఆఫ్రికా మొక్క, కదిలించకపోతే చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంటే, ఒక వేసవి జల్లు పడగానే ఆకు కంటే ముందే మట్టిలోంచి కాడ లేస్తుంది. దాని చివర వంద పైగా చిన్న పూలతో ఎర్రటి బంతి. వారం, పది రోజులుంటుంది. తర్వాత ఆకులు నవంబరు దాకా ఉండి పసుపు తిరుగుతాయి. అప్పటి నుంచి మార్చి దాకా కుండీకి చుక్క నీళ్ళు పోయొద్దు, మరిచిపోయి ఏ మూలో పెట్టేసినా సరే. మెడ మట్టి మట్టానికి ఉండేలా నాటాలి. తవ్వి నాటితే ఒక ఏడు పూయకుండా అలుగుతుంది, మీవి పూయకపోవడానికి ముఖ్య కారణం అదే. కుండీ నిండి అంచులు ఒరుసుకుంటున్నా బాగానే పూస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, జనవరిలో కుండీ ఖాళీగా కనిపిస్తోందని అందులో బంతి, చామంతి నారు పెట్టి రోజూ నీళ్ళు పోస్తారు. కింద దుంప నిద్రలోనే కుళ్ళిపోతుంది. కుండీకి ఒక పుల్ల గుచ్చి పేరు రాసి పెట్టుకోండి.

ట్యులిప్ దగ్గరికి వద్దాం. ఇది మధ్య ఆసియా కొండల పువ్వు. అక్కడా వేసవి ఎండగానే ఉంటుంది, దుంప నేలలో నిద్రపోతూ దాన్ని తట్టుకుంటుంది. మన దగ్గర దానికి లేనిది చలికాలం. కాడ సాగాలంటే 12 నుంచి 16 వారాలు 2–9 డిగ్రీల చలి పడాలి. ఆ చలి లేకపోతే కాడ సాగక, ఆకుల మధ్యే పువ్వు ముడుచుకుని ఉండిపోతుంది. మీ పొట్టి పువ్వు అదే. సరే, ఫ్రిజ్‌లో ఆ చలి ఇచ్చామనుకోండి, పువ్వు వస్తుంది. కానీ ట్యులిప్ తల్లి దుంప పూసిన ఏడాదే ఖర్చయిపోతుంది. దాని స్థానంలో పిల్లదుంపలు ఊరాలి, ఊరాలంటే పూలయ్యాక కొన్ని వారాలు చల్లటి వాతావరణంలో ఆకులు పచ్చగా నిలవాలి. మనకు ఫిబ్రవరి చివరికే 33–34 డిగ్రీలు. ఆకు పదిహేను రోజుల్లో ఎండిపోతుంది, పిల్లలు వెల్లుల్లి రెబ్బంతే మిగులుతాయి. శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కన 2007లో తెరిచిన ఇందిరాగాంధీ ట్యులిప్ తోట అంత కళగా ఉండడానికి అక్కడి చలే ఆధారం. లంబసింగిలో ఇల్లుంటే ప్రయత్నించమనేవాణ్ణి.

అయినా ఒక్కసారి చూడాలని ఉంటే ఇలా చేయండి: సెప్టెంబరు మధ్యలో దుంపలను కాగితం సంచిలో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో 14 వారాలు ఉంచండి. అదే ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి, మామిడి లాంటి పండ్లు ఉండకూడదు, పండే కాయ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది. పైకి దుంప బాగానే కనిపిస్తుంది కాబట్టి తేడా తెలియదు. డిసెంబరు చివరి వారంలో తీసి, 10–12 సెం.మీ. లోతున, తూర్పు వెలుతురు మాత్రమే పడేచోట నాటండి. పువ్వు నాలుగైదు రోజులు నిలిస్తే గొప్ప. హైసింత్, డాఫోడిల్ లాంటి చలిదేశపు దుంపపూలు కూడా ఇదే బాపతు. డబ్బు పెట్టి ప్రతి ఏడూ కొనే ఓపిక ఉంటే తప్ప నేను సిఫార్సు చేయను.

ఆ డబ్బుతో మన ఎండకు నవ్వే దుంపలు చాలా వస్తాయి. రెయిన్ లిల్లీ 8 అంగుళాల వెడల్పు కుండీలో పది దుంపలు, 5 సెం.మీ. లోతున. గులాబీ, పసుపు రకాలకు మూడు వారాలు నీళ్ళు ఆపి ఒక్కసారి కుండీ ముంచెత్తితే వారంలోపే గుత్తులుగా లేస్తాయి. వానే పడాలని లేదు, ఎండి తడవడమే కీలకం. రోజూ కొంచెం కొంచెం పోసేవాళ్ళ ఇంట్లో ఆకులే ఉండడం అందుకే. తెల్ల రకానికి మాత్రం తడి ఇష్టం.

మార్కెట్లో మూర లెక్కన కొనే లిల్లీ పూలు, అదే నేలసంపెంగ, గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఒక దుంప ఒక్కసారే పూస్తుంది. తర్వాత పూసేవి దాని పిల్లలు. అందుకే రెండు మూడేళ్ళకు గుబురు ఇరుకై పూలు తగ్గుతాయి. ఫిబ్రవరి, మార్చిలో తవ్వి, రెండున్నర సెం.మీ.కి తగ్గని అడ్డుకొలత ఉన్న పిల్లలను ఏరి, నీడలో రెండు వారాలు ఆరబెట్టి, 20 సెం.మీ. ఎడంగా నాటాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్ ఒంటిరేకు రకం, దండలకు బాగుంటుంది. గ్లాడియోలస్ అయితే అక్టోబరు, నవంబరులో నాటి, పువ్వు కోసేటప్పుడు కనీసం నాలుగు ఆకులు మొక్కకు వదిలి, ఆరేడు వారాలకు తవ్వి, మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ట్యులిప్ బాపతును పక్కన పెడితే మీ ఫ్రిజ్ సలహా పనికొచ్చే చోటు ఇదొక్కటే.

ఫ్రిజ్ మాట వచ్చింది కాబట్టి: అమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ, రెయిన్ లిల్లీ దుంపలన్నీ విషం. చూడ్డానికి ఉల్లిపాయల్లాగే ఉంటాయి. వంటింట్లో, ఉల్లిపాయల బుట్ట దగ్గర ఎప్పుడూ పెట్టొద్దు. తింటే వాంతులు, విరేచనాలు. కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో కుండీలు ఎత్తులో పెట్టండి. దుంప కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, రసం కొందరికి దురద పెడుతుంది.

మీ నాలుగు అమరిల్లిస్ కుండీలకు ఇప్పుడు, ఈ ఆగస్టులో చేయాల్సింది: దర్జీ టేపు తీసుకుని దుంప నడుము చుట్టుకొలత చూడండి, ఆకులు లెక్కపెట్టండి. 20 సెం.మీ. పైన ఉండి ఏడెనిమిది ఆకులుంటే పువ్వు మీద ఆశ పెట్టుకోవచ్చు, పైన చెప్పినట్టు సెప్టెంబరు ఆఖరు దాకా పొటాష్ ఇచ్చి డిసెంబరులో ఎండబెట్టండి. 16 నుంచి 20 మధ్య ఉండి ఆకులు నాలుగైదే ఉంటే ఒక కాడ రావచ్చు, రాకపోవచ్చు. 16 లోపు ఉన్నవాటిని ఈ చలికాలం పూర్తిగా ఎండబెట్టకండి. పదిహేను రోజులకోసారి కొద్దిగా నీళ్ళు పోస్తూ ఆకులు నిలిచేలా చూడండి, వాటికి ఇప్పుడు కావాల్సింది నిద్ర కాదు, తిండి. కుండీల మీద కొలత, తేదీ రాసి, వచ్చే ఆగస్టులో మళ్ళీ కొలవండి. ఆకుల ఫొటో ఒకటి, దుంప మెడ దగ్గర నుంచి తీసింది ఒకటి పెడితే ఏం ఎరువు ఎక్కువైందో చూసి చెబుతాను.